కాంటా హిల్తాచ్ నై

అబ్బా బుల్లెట్‌ది నా ఉమ్రే, 1978 మోడల్. స్టార్ట్ చేయడానికి ఆయనకో తరీఖా ఉంది. తాళం తిప్పి, కిక్ నెమ్మదిగా తొక్కుతూ ఆంపియర్ మీటర్ కాంటాని చూడాలి. పాయింట్లు విడిపోగానే కాంటా మధ్యకొచ్చి నిలుస్తుంది. అప్పుడు డీకంప్రెసర్ నొక్కి, కిక్ రవ్వంత దింపి, పైకి రానిచ్చి, బిస్మిల్లా అని ఒక్క తొక్కు.

పాయింట్ల సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. ఫీలర్ గేజ్‌తో సరిచేయడం అబ్బా పనే. ఇప్పుడు చూపు ఆనదు, చెయ్యి వణుకుతుంది. పోయిన రంజాన్‌లో టైమింగ్ తప్పి కిక్ ఎదురు కొట్టింది. మడమ వాచి, తరావీ అంతా కుర్చీలోనే చదివారు.

అందుకే ఎలక్ట్రానిక్ కిట్ తెచ్చాను. 12 వోల్టుల వైరింగ్ ఎప్పుడో మార్పించాం కాబట్టి సరిపోయింది. పాయింట్లు, కండెన్సర్ తీసేసి ఆ జాగాలో సెన్సర్ ప్లేటు, అయస్కాంతమున్న రోటర్. అరిగేదేం లేదు. మిస్త్రీ టైమింగ్ లైటు పెట్టి ప్లేటు బిగించాడు. మొదటి కిక్‌కే లేచింది, మాషాఅల్లా!

అబ్బా బండి ఆపి, మళ్లీ తాళం తిప్పి, కిక్ నెమ్మదిగా తొక్కుతూ మీటర్ మీదికి వంగారు. ఇంజను తిరగనప్పుడు ఈ కిట్ కాయిల్‌కి కరెంటు ఆపేస్తుంది. కాంటా మధ్యలోనే కూర్చుంది.

"హిల్తాచ్ నై రే."

"ఇక దాంతో పనిలేదు అబ్బా" అనేశాను. అనకుండా ఉండాల్సింది.

ఆయనేం మాట్లాడలేదు. పాత పాయింట్లు, కండెన్సర్, ఫీలర్ గేజ్ గుడ్డలో చుట్టి టూల్ బాక్సులో పెట్టారు.

"సఫర్‌లో నీ కిట్ ఆగిపోతే?"

నిజమే. పాయింట్లయితే రోడ్డు పక్కన సాండ్ పేపర్‌తో రుద్దుకుని ఇల్లు చేరొచ్చు. కిట్ పోతే తోసుకుంటూ రావడమే.

"సందు పెట్టడం నేర్పండి అబ్బా" అన్నాను.

"అసర్ చదివి రా" అన్నారు.