హింట్ బటన్ లేని చేలు

తొలకరి పడిందంటే చాలు, అనంతపురం జిల్లా వజ్రకరూరు చేలల్లో జనం తలలు దించేస్తారు. ఫోన్ చూడ్డానికి కాదు, వజ్రాలు వెతకడానికి. పక్కనున్న కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి పొలాల్లోనూ ఇదే సీన్. వాన పైమట్టిని కడిగేస్తే రాళ్లు బయటపడతాయి. సద్ది కట్టుకుని వచ్చినవాళ్లు ఏ రాయి మెరుస్తుందా అని ఒక్కో అడుగే వేస్తూ వెతుకుతారు.

హిడెన్ ఆబ్జెక్ట్ గేమ్స్ ఆడేవాళ్లకి ఈ చూపు బాగా తెలుసు. నాకిష్టమైంది 2017లో వచ్చిన 'హిడెన్ ఫోక్స్'. చేత్తో గీసిన నలుపు తెలుపు బొమ్మలు, నోటితో చేసిన శబ్దాలు, టైమర్ గొడవ లేదు. పగలంతా కోడ్‌లో బగ్‌లు వెతికి, రాత్రి మళ్లీ వెతుకులాటేంటి అంటారా? బగ్ ఏ లైన్లో ఉందో ఎవరికీ తెలీదు. గేమ్‌లో మాత్రం వస్తువు ఆ బొమ్మలోనే ఉంటుంది, గ్యారంటీ. దాచినవాడు మనకి దొరకాలనే దాచాడు. ఆ భరోసాతోనే బుర్ర చల్లబడుతుంది.

వజ్రకరూరులో దాచినవాడంటూ ఎవరూ లేరు. దాదాపు 110 కోట్ల ఏళ్ల కిందట, 150 కిలోమీటర్ల పైచిలుకు లోతు నుంచి ఎగదన్నిన శిలాద్రవం వజ్రాల్ని పైకి మోసుకొచ్చింది. అది గట్టిపడితే ఏర్పడిన రాయి కింబర్లైట్. దక్షిణాఫ్రికాలోని కింబర్లీ ఊరి పేరే దానికి పెట్టారు. తర్వాత ఎండలూ వానలూ ఆ రాయిని అరగదీస్తే, వాగులు వజ్రాల్ని ఎటుపడితే అటు చల్లేశాయి. ఏ చేలో ఎన్ని ఉన్నాయో లిస్టు లేదు. హింటూ లేదు.

చూసేవాళ్లకి పిక్నిక్‌లా ఉంటుంది గానీ, అది రిలాక్సేషన్ అంటే నేనొప్పుకోను. ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోయే సీమ ఇది. వానని నమ్ముకుని చెనక్కాయ విత్తితే పెట్టుబడైనా తిరిగొస్తుందో రాదో. ఏటా అంత జూదం ఆడేవాళ్లకి, కూలి పని మానుకుని నాలుగు రోజులు రాళ్లు వెతకడం పిచ్చిగా ఎందుకనిపిస్తుంది? పైగా దీనికి విత్తనాల ఖర్చు కూడా లేదు.

అయితే చేను గలాయనకి అదే వాన విత్తే అదను. జనం వజ్రం కోసం తొక్కేది ఆయన దుక్కినే.

చూడాలనుంటే జూన్‌లో వెళ్లండి. గుంతకల్లు దాకా రైలుంది, అక్కణ్ణుంచి రోడ్డు. నీళ్లు, టోపీ మర్చిపోవద్దు. చేలోకి దిగేముందు రైతునడగండి. విత్తిన సాళ్లలో మాత్రం కాలు పెట్టకండి.