బర్గర్ వద్దంది... మోలె చాలంది!

ఊరి నడిబొడ్డున పెద్ద పెద్ద చెట్లు. ఆ నీడలో పొగలు కక్కుతున్న తమాలెలు. మొక్కజొన్న పిండి ముద్దలో మసాలా కూరి, అరిటాకులో పొట్లం కట్టి, ఆవిరిమీద ఉడికిస్తే తమాలె. మన కోనసీమ పొట్టిక్కలకు దూరపు చుట్టం అనుకోవచ్చు. 2002లో ఓ రోజు మెక్సికోలోని వహాకా నగర కూడలిలో వాటిని వచ్చినవాళ్లందరికీ ఊరికే పంచిపెట్టారు. పెళ్లి కాదు, పండగా కాదు. అదో నిరసన!

వందల ఏళ్లనాటి ఆ కూడలిలో దుకాణం తెరుస్తామని మెక్‌డొనాల్డ్స్ ముందుకొచ్చింది. జపోటెక్ మూలాలున్న చిత్రకారుడు ఫ్రాన్సిస్కో టోలెడో అడ్డం తిరిగాడు. అవసరమైతే దాని ముందు బట్టల్లేకుండా నిలబడతానన్నాడు. ఆ అవసరం రాలేదు. సంతకాలు పోగయ్యాయి, తమాలెలు ఖాళీ అయ్యాయి. ఏడాది చివరికి అనుమతి లేదని నగరపాలకులు తేల్చేశారు.

అంతగా కాపాడుకోవడానికి ఆ ఊళ్లో ఏం వండుతారో తెలియాలంటే వెళ్లి చూడాల్సిందే.

ఇంగ్లిషు స్పెల్లింగ్ చూస్తే మనం ‘ఓక్సాకా’ అనేస్తాం. అక్కడివాళ్లు మాత్రం ‘వహాకా’ అంటారు. మెక్సికో సిటీ నుంచి విమానంలో గంట ప్రయాణం. చుట్టూ కొండలు, మధ్యలో లోయ, ఆ లోయలో ఊరు. భూకంపాల భయంతో మందపాటి గోడలతో కట్టిన పొట్టి భవనాలు, లేత ఆకుపచ్చ రాయి, రంగురంగుల ఇళ్లు. పాత నగరాన్నీ, పక్క కొండమీది మాంటె అల్బాన్ శిథిలాలనూ కలిపి 1987లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కూడలిని ‘సోకలో’ అంటారు. అక్కడి చెట్ల పేరేంటో తెలుసా... లారెల్ దె లా ఇండియా! మన మర్రి, రావి కుటుంబానివే అవి.

ఆకలేస్తే సోకలోకి దగ్గర్లోనే రెండు బజార్లున్నాయి. ఒకటి బెనితో హువారెస్ మార్కెట్, దాన్ని ఆనుకునే ‘20 దె నొవియెంబ్రె’. ఈ రెండోదాంట్లో ఓ సందు మొత్తం పొగే. రెండువైపులా మాంసం దుకాణాలు, ఎదురుగా నిప్పుల కుంపట్లు. మాంసం ఎంచుకుంటే కళ్లముందే కాల్చిస్తారు. రొట్టెలు, ఉల్లికాడలు విడిగా కొనుక్కోవాలి. బయటికొచ్చాక కూడా చొక్కా రెండు రోజులు వాసనేస్తుంది.

శాకాహారులు కంగారు పడక్కర్లేదు. వహాకా తిండికి పునాది మొక్కజొన్నే. గింజల్ని సున్నపు నీళ్లలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, కడిగి రుబ్బుతారు. ఆ ముద్దని మట్టి పెనంమీద కాల్చి, చిక్కుడు గింజల ముద్ద పూసి, జున్ను చల్లితే మెమేలా. పెనమంత వెడల్పు రొట్టెని కరకరలాడేలా కాలిస్తే త్లాయూదా. ఒక్క జాగ్రత్త... దానిమీద పంది కొవ్వు రాయడం రివాజు. ‘సిన్ అసియెంతో’ అంటే అది రాయకుండా ఇస్తారు. పైన వేసే జున్ను నూలు ఉండలా చుట్టలు చుట్టి ఉంటుంది, దారంలా లాగుతూ తినాలి. పిల్లలకి అదో ఆట.

మార్కెట్ గుమ్మాల దగ్గర గంపల్లో ఎర్రగా మెరుస్తూ కనిపించేవి ఎండు రొయ్యలు కావు, మిడతలు. వెల్లుల్లి, నిమ్మరసం, ఉప్పు పట్టించి వేయిస్తారు. ఉసిళ్లు వేయించుకుని తిన్న పల్లెటూరివాళ్లకి ఇందులో వింతేమీ ఉండదు. దాహమేస్తే ‘హమైకా’ అడగండి. ఎర్రటి పుల్లటి షర్బత్ వస్తుంది. అది మన ఎర్ర గోంగూర జాతి మొక్క పూల రేకల కింద ఉండే గుజ్జు తొడిమలతో చేసింది! మనం ఆకు తిని పువ్వు వదిలేశాం, వాళ్లు పువ్వుని పట్టుకున్నారు. అంతకంటే పాతది తెహాతె. మొక్కజొన్న, కోకో గింజలు, మమేయ్ అనే పండు గింజ, ఓ రకం పువ్వు కలిపి రుబ్బి, పెద్ద మట్టి తొట్టిలో మోచేతిదాకా చెయ్యి పెట్టి కలుపుతారు. పైకి తెల్లటి నురగ తేలుతుంది. దాన్ని రంగులేసిన బుర్రల్లో పోసిస్తారు.

ఇక అసలు సంగతి మోలె. ఇది కూరా కాదు, పచ్చడీ కాదు. చిక్కటి పులుసులాంటిది. వహాకాని ఏడు మోలెల నేల అంటారు. వాటిలో పెద్దది నల్ల మోలె. ఎండు మిరపకాయల్ని నల్లగా మాడేదాకా వేయిస్తారు, గింజల్ని ప్రత్యేకంగా మాడుస్తారు. ఆ కోరుకి వీధంతా దగ్గాల్సిందే. తర్వాత నువ్వులు, బాదం, లవంగం, దాల్చినచెక్క, టొమాటో, చివర్లో కాస్త చాక్లెట్... పాతికకు తగ్గని సరుకులు. సన్నికల్లులాంటి రాయిమీద నూరి, గంటలతరబడి కలుపుతూ ఉడికిస్తారు. కోడి మాంసం రసం పోయడం మామూలే కాబట్టి శాకాహారులు ముందే అడిగి తీసుకోవాలి. మొదటి ముద్దకి అందరికీ నచ్చదు. తీపా, చేదా, కారమా తేల్చుకునేలోపే కంచం ఖాళీ అవుతుంది.

మిరపకాయ లేని ఆవకాయని ఊహించలేం. కానీ ఆ మిరప మనకి వచ్చింది అటునుంచే, పోర్చుగీసువాళ్ల ఓడల్లో. టొమాటో, బొప్పాయి, జామ కూడా అమెరికా ఖండాలవే. సపోటా పేరైతే అక్కడి నహువా భాషలోని ‘త్సపోత్ల్’ నుంచే వచ్చింది. వహాకా మూలవాసులైన జపోటెక్‌ల పేరుకీ అదే మూలం... సపోటాల చోటివాళ్లని!

కడుపు నిండాక నడవడానికి శాంటో డొమింగో చర్చి ఉంది. బయటినుంచి సాదాసీదా రాతి కట్టడం. తలుపు దాటితే గోడలూ, పైకప్పూ బంగారు పూతతో ధగధగలాడుతుంటాయి. పక్కనున్న మఠం చాలాకాలం సైన్యం చేతిలో ఉండేది. 1990ల్లో సైన్యం ఖాళీ చేసేసరికి ఆ స్థలంలో హోటలూ, కార్ల పార్కింగూ కడదామన్న మాట వచ్చింది. అప్పుడూ టోలెడో, ఆయన మిత్రులూ అడ్డుపడ్డారు. ఇప్పుడక్కడ మ్యూజియం, వహాకా రాష్ట్రపు మొక్కలు పెంచే తోటా ఉన్నాయి. తోటలోని నాగజెముడు మట్టలమీద తెల్లగా బూజులా కనిపించేది కోచినీల్ పురుగు. దాన్ని నలిపితే చేతికి నెత్తురులాంటి ఎరుపు. స్పెయిన్ పాలనలో వెండి తర్వాత మెక్సికో నుంచి అంత డబ్బు తెచ్చింది ఈ రంగే. తెయోతిత్లాన్ అనే నేతగాళ్ల ఊళ్లో ఇప్పటికీ దాంతో ఉన్నికి రంగులద్దుతారు.

మ్యూజియంలో తప్పక చూడాల్సింది ఏడో నంబరు సమాధి నిధి. 1932లో అల్ఫాన్సో కాసో మాంటె అల్బాన్‌లో తవ్వితే బయటపడిన బంగారం, నీలిరాళ్లు, చెక్కిన ఎముకలు. అవి చూశాక కొండ ఎక్కితే బాగుంటుంది. క్రీస్తుపూర్వం 500 ప్రాంతంలో కొండ నెత్తిని చదును చేసి కట్టిన నగరమది. రాళ్లమీద వంకర్లు తిరిగిన మనుషుల బొమ్మల్ని మొదట నాట్యగాళ్లనుకున్నారు. చంపేసిన యుద్ధఖైదీలని ఇప్పుడు చాలామంది పండితుల మాట. నీడ తక్కువ, పొద్దున్నే వెళ్లాలి.

తూలె ఊరి చెట్టు మరో వింత. మన తిమ్మమ్మ మర్రిమాను విస్తీర్ణానికి పేరుపడితే, ఈ సైప్రస్ మాను లావుకి. ఆ దారిలోనే ఇంకా ముందుకెళితే మిత్లా. సున్నం లేకుండా రాతి ముక్కల్ని పేర్చి గోడలమీద అల్లిన ముగ్గులు అక్కడ ఉన్నాయి. నవంబరు మొదటి రెండు రోజుల్లో వెళ్తే ఊరంతా బంతిపూలే. పోయినవాళ్లు ఆ రోజుల్లో ఇంటికొస్తారని వాళ్లకిష్టమైన మోలె, రొట్టె, చాక్లెట్ పీటమీద పెడతారు. మహాలయ పక్షంలో మన ఇళ్లలోనూ అంతేగా. అన్నట్టు, బంతిపువ్వు పుట్టిల్లూ మెక్సికోనే.

అయితే ఆ పండగకే ఇప్పుడు హోటల్ గదులు దొరకవు. బర్గర్‌ని తరిమిన ఊరికి ఆ రుచుల పేరే కొత్త తలనొప్పి తెచ్చింది. పాత ఇళ్లు పర్యాటకుల గదులుగా మారుతున్నాయి, అద్దెలు పెరుగుతున్నాయి, అక్కడే పుట్టినవాళ్లు ఊరి చివరికి జరుగుతున్నారు. 2024 జనవరిలో దీనిమీద జనం వీధుల్లోకి వచ్చారు. ఈసారి ముందు నిలబడడానికి టోలెడో లేడు, 2019లో కన్నుమూశాడు. ఎదురుగా ఉన్నది ఒక కంపెనీ అయితే తమాలెలు పంచి ఆపొచ్చు. ఇష్టపడి వచ్చి, మెచ్చుకుంటూ తినే అతిథిని ఏమనాలి? వెళ్లేవాళ్లు ఒక పని చేయొచ్చు. స్థానికులు నడిపే బసలో దిగి, బజార్లో గంప ముందు కూర్చున్న అమ్మ దగ్గర బేరమాడకుండా కొనొచ్చు.

మీనా వీధిలో చాక్లెట్ మరలుంటాయి. కోకో గింజలు, బాదం, దాల్చినచెక్క, పంచదార ఎంతెంత కావాలో చెబితే, మనం కారం పట్టించుకున్నట్టే ఎదురుగా ఆడించిస్తారు. సాయంత్రమైతే సొలెదాద్ చర్చి పక్కన చెట్లకింద ఐస్‌క్రీం దుకాణాల దగ్గర కుటుంబాలు చేరతాయి. అక్కడి ప్రత్యేకత ఏంటంటే... మాడిన పాలు! మన ఇళ్లలో పాలు అడుగంటితే గిన్నె పక్కన పడేసి ఒకరినొకరు అనుకుంటాం. వాళ్లు కావాలనే మాడ్చి, ఆ వాసనతోనే ఐస్‌క్రీం చేస్తారు. పక్కనే ఎర్రటి నాగజెముడు పండు ఐసు వేసిస్తారు. రెండూ ఒకే చెంచాలోకి తీసుకోవాలి.