స్టెప్నీ: వెనక వచ్చేవాళ్ల హక్

ట్రాక్టర్ వెనక నీళ్ల ట్యాంకర్ పోతుంటే అందరి నజర్ ట్యాంకు మీదే ఉంటుంది. ఎక్కడి నీళ్లు, ఎన్ని బిందెలొస్తాయి, మన వీధికి ఎప్పుడొస్తుంది, ఇదే ఫికర్. ట్యాంకు వెనక వేలాడే ఆ అదనపు చక్రాన్ని, అంటే స్టెప్నీని, ఎవరూ చూడరు. దాన్ని చూడాల్సిన జరూరత్ ఏముందో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

మాది కళ్యాణదుర్గం. మా అనంతపురం సీమలో ఏడాదికి సగటున పడే వాన దాదాపు 550 మిల్లీమీటర్లు. అది కూడా పంటకు కావాల్సిన రోజుల్లో పడుతుందన్న గ్యారంటీ లేదు. శనక్కాయ మీద భరోసా పోయాక, మా అబ్బా ఉన్న ట్రాక్టర్‌ని అమ్ముకోకుండా దానికి 4,000 లీటర్ల ట్యాంకర్ ఒకటి కట్టించారు. ఇప్పుడు దాన్ని నడిపేది మా తమ్ముడు. నేను బడిలో టీచర్‌ని. సాయంత్రం కూర్చుని ట్యాంకర్ హిసాబ్ రాసేది మాత్రం నేనే. డీజిల్‌కెంత, బోరు యజమానికెంత, పంక్చర్లకెంత, అన్నీ ఆ పుస్తకంలో ఉంటాయి. ఎండాకాలం మూడు నెలలు మా ఇంటి గుజారా ఆ రెండు చక్రాల మీదే.

రెండే చక్రాలు. ఇక్కడే అసలు మస్లా ఉంది. లారీకి ఒక టైరు పోయినా పక్కన జోడీ టైరు ఆసరా ఇస్తుంది, మెల్లగా ఊరి దాకా లాక్కెళ్లొచ్చు. ఒంటి ఇరుసు ట్యాంకర్‌కి ఒక టైరు పోయిందంటే 4 టన్నుల నీళ్లతో బండి అక్కడే కూలబడుతుంది. ట్రాక్టర్ చక్రం తీసి వేద్దామంటే కుదరదు. మా ట్రాక్టర్ ముందు టైరు 6.00-16, వెనకది 13.6-28, ట్యాంకర్‌ది 9.00-16. దేని డిస్క్ దానిదే, దేని బోల్టులు దానివే. కాబట్టి ట్యాంకర్‌కి దాని స్టెప్నీ దానికే ఉండాలి. పైగా మా దారుల్లో సర్కారు తుమ్మ ముల్లు ఎంత ఖతర్నాకో ఈ సీమవాళ్లకు చెప్పక్కర్లేదు.

అయినా చాలామంది స్టెప్నీ తీసుకెళ్లరు. ఇంటి గోడకు ఆనించి పెట్టి, పంక్చర్ అయితే ఫోన్ చేస్తారు. ఇంకొందరు తీసుకెళ్తారు కానీ, ఎక్కడ తగిలించామన్నది ఆలోచించరు. మాది ఈ రెండో జమాత్.

ఈ స్టెప్నీ అనే మాట ఎక్కడిదో మీలో ఎంతమందికి మాలూమో తెలియదు. బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో లనెల్లీ అనే ఊరుంది. ఆ ఊళ్లో స్టెప్నీ అనేది ఒక వీధి పేరు. 1904లో థామస్ మోరిస్ డేవిస్ అనే ఆయన అక్కడ ఒక అదనపు చక్రాన్ని తయారుచేశాడు. అప్పటి కార్లకు అదనపు చక్రమే ఉండేది కాదు. ఆకులు లేని ఒట్టి రిమ్ముకు గాలి కొట్టిన టైరు ఎక్కించి, పంక్చర్ అయిన చక్రం పక్కనే బిగించుకుని ఇల్లు చేరేవాళ్లు. ఇప్పుడు ఇంగ్లీషువాళ్లు ఆ మాట దాదాపు మర్చిపోయారు. మన పంక్చర్ షాపు భాయ్‌లు మాత్రం ఆ వీధి పేరుని రోజుకు పదిసార్లు తలుచుకుంటున్నారు.

ఇక మా కిస్సా. ట్యాంకర్ కట్టిన వర్క్‌షాప్ వాళ్లు స్టెప్నీని వెనక తగిలించి ఇచ్చారు. ట్యాంకు చివర అడ్డంగా ఒక బోలు ఇనుప గొట్టం, దానికి వెల్డింగ్ చేసిన ఒక యాంగ్లర్ ముక్క, దానికి రెండు బోల్టులు, వాటి మీద దాదాపు యాభై కిలోల చక్రం. చూడ్డానికి ముస్తాబుగానే ఉండేది. మూడేళ్ల కింద మే నెలలో బెళుగుప్ప వైపు ఒక పల్లెలో నికాహ్ ఉంటే మా ట్యాంకర్ మాట్లాడుకున్నారు. తమ్ముడు తెల్లారే నీళ్లు నింపుకుని బయలుదేరాడు. ఒక గుంతలో బండి ఎగిరిపడగానే ఆ వెల్డింగ్ ఊడి, స్టెప్నీ రోడ్డు మీద పడి దొర్లింది. వెనక బైక్ మీద ఒక రైతు, ఆయన భార్య, మధ్యలో చిన్నపాప వస్తున్నారు. ఆయన బండిని మట్టిలోకి కోసేశాడు. ముగ్గురూ పడ్డారు. అల్లా మెహర్బానీ, మోచేతులు, మోకాళ్లు గీసుకుపోవడంతో సరిపోయింది. పాపకు ఏమీ కాలేదు.

తమ్ముడు వాళ్లను లేపి, ట్యాంకర్ నీళ్లతోనే గాయాలు కడిగి, ఆటో పిలిపించి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఆ రైతు కోపంగా అరవలేదు. కట్టు కట్టించుకుంటూ ఒక్క మాటన్నాడంట. “మీ చక్రం మీకు ఆసరా అని పెట్టుకున్యారు నాయనా, మాకు సావయ్యిండేది” అని.

అక్కడ నికాహ్ ఇంట్లో దేగ్‌లు పొయ్యి మీద పెట్టి నీళ్ల కోసం ఇంతెజార్ చేస్తున్నారు. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు, ముస్లిములు కానివాళ్లు కూడా, తమ బిందెల్లోని నీళ్లు తెచ్చి బియ్యం కడిగించారు. మేము చేరేసరికి జొహర్ దాటింది. పెళ్లికూతురి తండ్రి కిరాయిలో ఒక్క రూపాయి తగ్గించలేదు. అది మాకు ఇంకా భారమైంది.

ఆ రాత్రి ఇంట్లో పెద్ద బహస్ జరిగింది. అబ్బా “కిస్మత్ బేటీ, ఇనుము అన్నాక విరుగుతుంది” అన్నారు. తమ్ముడు “ఇంక స్టెప్నీయే నక్కో ఆపా, ఇంట్లో పడేద్దాం. కొత్త కార్లకే లేదంట కదా” అన్నాడు. కార్ల మాట సచ్చే. 2020లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు మార్చారు. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు, పంక్చర్ కిట్ మూడూ ఉన్న చిన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదన్నారు. మా ట్యాంకర్‌కి ఆ మూడింట్లో ఒక్కటీ లేదు. ట్యూబ్ టైరు, తుమ్మ ముల్లు, ఊరికి పదిహేను కిలోమీటర్ల దూరం. స్టెప్నీ వదిలేస్తే మా ఖతరా తీరదు, నీళ్ల కోసం బిందె పట్టుకుని నిలబడ్డవాళ్ల మీదికి పోతుంది.

ఎందుకు విరిగిందో మాకు సంఝాయించింది మా వీధిలో వెల్డింగ్ చేసే ఒక చిచ్చా. విరిగిన ముక్క తిప్పి చూపించాడు. సగం దాకా పాత తుప్పు, మిగతా సగం కొత్తగా మెరుస్తోంది. అంటే ఆ రోజు విరిగింది సగమే. మిగతా సగం ఎన్నో నెలలుగా మెల్లమెల్లగా చీలుతూ వచ్చింది. పైన రంగు వేసి ఉండడంతో ఎవరికీ కనబడలేదు. బండి వెనక కొస ఇరుసుకు ఎంత దూరమైతే అంత ఎక్కువ ఎగురుతుంది. నీళ్లు నిండా ఉన్నప్పటికన్నా ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు ఇంకా ఎగురుతుంది, ఎందుకంటే కమాన్ పట్టీలు 4 టన్నుల కోసం చేసినవి, ఖాళీ బండికి అవి వంగవు. ప్రతి కుదుపుకీ ఆ యాభై కిలోలు సుత్తిలా వెల్డింగ్‌ని కొడుతుంటాయి.

చిచ్చా ఇంకో మాట కూడా చెప్పాడు. ఎద్దుల బండి తోలినవాళ్లకు ఇది తెలిసిన సంగతే. బండి వెనక బరువు ఎక్కువైతే కాడి పైకి లేచి ఎద్దుల గొంతుకు పలుపు బిగుసుకుంటుంది. ట్యాంకర్‌లో కూడా ఇరుసుకు వెనక వేలాడే బరువు ముందున్న హుక్‌ని పైకి లేపుతుంది. అప్పుడు ట్యాంకర్ తోక ఊపుతూ నడుస్తుంది.

మా ఖాలా కొడుకు అమెరికాలో టెక్సాస్‌లో ఉంటాడు. సెలవులొస్తే బండి వెనక ఒక చిన్న ఇంటినే తగిలించుకుని ఖాందాన్‌తో సఫర్ చేస్తాడు. అందులోనే వంటిల్లు, పడకలు, స్నానాలగది. వీడియో కాల్‌లో మా సంగతి చెబితే నవ్వాడు. అక్కడా ఇదే తకలీఫ్ అంట. ఆ ఇళ్లబండ్లలో చాలావాటికి వెనక బంపర్ అంటే 4 అంగుళాల చదరపు బోలు గొట్టం. దాంట్లో మురుగునీళ్ల పైపు దాచుకుంటారు. అలాంటి పలచని గొట్టానికే కంపెనీలు స్టెప్నీ బిగించి ఇస్తాయి. వెల్డింగ్ చీలి బంపర్, చక్రం కలిసి రోడ్డు మీద పడిన సందర్భాలు ఉన్నాయి. అందుకే తెలిసినవాళ్లు బంపర్‌ను ఛాసిస్‌కు కలిపి గట్టి ఇనుప పట్టీలు వేయించుకుంటారు, లేదా స్టెప్నీని అక్కణ్నుంచి తీసేసి వేరే చోటికి మారుస్తారు. లక్షల రూపాయల ఇల్లు, మా తుప్పు ట్యాంకర్, రెండింటి కమ్‌జోరీ ఒక్కచోటే.

మేమూ చోటు మార్చాం. ట్యాంకర్ కింద వేలాడదీస్తే బరువు ఇరుసు దగ్గరే ఉంటుంది, కానీ మా గుంతల్లో రాళ్లు తగులుతాయి, మట్టి గడ్డకట్టి బోల్టులు పట్టేస్తాయి. పక్కన పెడితే ఇరుకు సందుల్లో గోడలు గీరుకుంటాయి. చివరికి ముందు వైపు, ట్రాక్టర్‌కి తగిలించే ఆ త్రికోణం ఇనుము మీద పెట్టాలని తయ్ చేశాం. అక్కడైతే కుదుపు తక్కువ, బరువు హుక్ వైపే పడుతుంది, తోలేవాడు తల తిప్పితే కనిపిస్తుంది. ఒక్క జాగ్రత్త ముఖ్యం. ట్రాక్టర్ పూర్తిగా మలుపు తిరిగినప్పుడు దాని పెద్ద టైరు స్టెప్నీకి తగలకూడదు. తమ్ముడు ఖాళీ మైదానంలో రెండు వైపులా పూర్తిగా తిప్పి, మధ్యలో రెండు జానల ఖాళీ ఉందని చూసుకున్నాకే చిచ్చా పని మొదలుపెట్టాడు.

రెండు ఇనుప బాహువుల మీద అడ్డంగా గట్టి చానల్. ఒట్టి వెల్డింగ్ మీద వదలకుండా కింద నుంచి ప్లేట్లు, బోల్టులు, ఒక్కోదానికి డబుల్ నట్టు. వీటన్నిటి పైన చక్రం మధ్య నుంచి ఒక చైను, తాళం. బోల్టులన్నీ ఊడినా చక్రం రోడ్డు మీదికి పోకుండా ఆ చైనే ఆపాలి. గాలి కొట్టే మూతి బయటికి తిప్పి పెట్టాం. ఎండకు రబ్బరు పగలకుండా మందపాటి టార్పాలిన్ గుడ్డతో ఒక గలీఫ్ కుట్టింది మా అమ్మీ. చక్రం ఛాతీ ఎత్తులో కాకుండా మోకాలి ఎత్తులో ఉంది కాబట్టి ఒక్క మనిషే దించుకోగలడు.

కిందటేడు ఆత్మకూరు దారిలో నిజంగానే టైరు పోయింది. నిండు ట్యాంకు. తమ్ముడు ట్రాక్టర్‌కి బ్రేకు వేసి, రెండో చక్రానికి ముందూ వెనకా రాళ్లు పెట్టి, జాకీ నేలలో దిగకుండా కింద చెక్క దిమ్మ వేసి, ఒక్కడే మార్చుకున్నాడు. బండి లేపకముందే నట్టులు కొంచెం వదులు చేసుకున్నాడు. కొత్త చక్రంతో కొంత దూరం పోయాక ఆగి మళ్లీ బిగించాడు. గంటలోపు కదిలాడు. ఆ రోజు హిసాబ్ పుస్తకంలో పంక్చర్ ఖర్చు తప్ప ఇంకేమీ రాయాల్సి రాలేదు.

ఇప్పుడు ఆ పుస్తకంలో స్టెప్నీకి వేరే పేజీ ఉంది. నెలకోసారి గాలి, బోల్టులు, చైను చూసిన తారీఖు రాస్తాను. టైరు పుట్టిన తారీఖు కూడా రాసి పెట్టాను. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని మత్లబ్. వాడకుండా ఊరికే వేలాడినా రబ్బరు ముసలిదవుతుంది.

మీ ఇంట్లో ట్యాంకర్ ఉన్నా, ట్రాలీ ఉన్నా, ఉర్సుకో షాదీకో కిరాయి బండి మాట్లాడుకున్నా, ఈ జుమా నమాజ్ తర్వాత ఐదు నిమిషాలు తీయండి. స్టెప్నీని రెండు చేతులతో పట్టుకుని గట్టిగా ఊపండి. అది మాత్రమే కదులుతోందా, దాన్ని మోస్తున్న ఇనుము కూడా కదులుతోందా చూడండి. వెల్డింగ్ దగ్గర రంగు కింద సన్నని తుప్పు గీత ఉంటే ఆ బండిని ఆ రోజు రోడ్డెక్కించకండి. స్టెప్నీ మన తసల్లీ కోసం పెట్టుకునేదే. అది ఊడి పడితే తగిలేది మాత్రం మన వెనక వచ్చేవాళ్లకు. వాళ్ల పేరు మనకు తెలియదు, మన పేరు వాళ్లకు తెలియదు. ఒకే రోడ్డు మీద పోతున్నాం కాబట్టి వాళ్ల జాన్ కొంతసేపు మన దగ్గర అమానత్.