మార్కులేసే ఊళ్ళు

నామినేషన్ అనే మాట వినగానే మన కృష్ణాజిల్లా వాళ్ళకి గుర్తొచ్చేవి ఎన్నికలే. మెళ్ళో దండలు, ముందు డప్పులు, వెనక జీపులు, ఆఫీసు గుమ్మందాకా ఊరేగింపు! ఈమధ్య ఆ మాట మా పటమటలో ఇంకో అర్థంలో వినబడుతోంది. "మా పిల్లకి నామినేషన్ వచ్చిందండీ" అని కూరల బండి దగ్గర ఒకావిడ అంటే, "ఏ పార్టీ?" అని ఎవరూ అడగటం లేదు. "ఏ రాష్ట్రం?" అని అడుగుతున్నారు. రాష్ట్రమంటే మనది కాదు సుమండీ. కెనడాలోదో, ఆస్ట్రేలియాలోదో.

మా అమ్మాయి పుణ్యమా అని నాకీ విద్య కొంత పట్టుబడింది. తెలిసినంతవరకు చెబుతాను.

పెళ్ళికి జాతకాలు చూసేటప్పుడు 36 గుణాల్లో 18 కలిస్తే చాలంటారు. కెనడా వాళ్ళు అంతకన్నా గట్టివాళ్ళు. వాళ్ళ లెక్క 1200 మార్కులకి. వయసుకిన్ని, చదువుకిన్ని, ఇంగ్లీషుకిన్ని, ఉద్యోగంలో అనుభవానికిన్ని. 2015 నుంచీ ఈ పద్ధతి నడుస్తోంది. మార్కులు ఎక్కువున్నవాళ్ళని ముందు పిలుస్తారు. మిగిలినవాళ్ళు వరసలో కూర్చోవాలి. కూర్చున్నకొద్దీ ఏమవుతుంది? వయసు మీద పడుతుంది. భార్యాభర్తలు కలిసి వెళ్ళేటట్టయితే, 30 ఏళ్ళొచ్చిన దగ్గర్నుంచి పుట్టినరోజుకో 5 మార్కులు పోతాయి. నలభై దాటాక ఇంకా జోరుగా పోతాయి. 45 వచ్చేసరికి వయసు మార్కులు సున్నా. ఆ ఏడు మా అమ్మాయికి 33 నిండాయి. పాయసం చేసి గిన్నె చేతికిస్తే, "ఇంకో అయిదు పోయాయమ్మా" అంది. పుట్టినరోజునాడు ఆ మాటేమిటని నేను కసిరాను గానీ, లెక్క లెక్కే కదా!

ఇందులో ఇంకో తమాషా ఉంది. భార్యాభర్తలిద్దరిలో ఎవరికి మార్కులెక్కువొస్తే వాళ్ళ పేరున దరఖాస్తు పెట్టుకోవచ్చు. రెండోవాళ్ళు వెంట వెళ్ళేవాళ్ళన్నమాట. వాళ్ళకి మహా అయితే 40 మార్కులు. మా ఇంట్లో అమ్మాయికి ఇంగ్లీషు పరీక్షలో ఎక్కువొచ్చాయి. అంచేత మా అల్లుడుగారు ఆ 40 మార్కుల గదిలోకి వెళ్ళాల్సొచ్చింది. అతను నవ్వి ఊరుకున్నాడు. మా వియ్యపురాలు మాత్రం, "అదేమిటొదినా, మా వాడు వెనక పేరా?" అని ఫోన్లో దీర్ఘం తీశారు. నేనేమంటాను? మనం ఇన్నాళ్ళూ వెనక పేరుతోనే కాపరాలు చేశాంగా అని నోటిదాకా వచ్చింది. వియ్యంకుల మధ్య అలాంటివి అనకూడదని, "అంతా కాయితాల మీదే లెండి వదినగారూ" అన్నాను.

ఇక నామినేషన్ సంగతి. కెనడా వెళ్ళిన కొత్తవాళ్ళందరూ టొరంటో, మాంట్రియల్, వాంకోవర్ అంటూ మూడు పెద్ద ఊళ్ళ మీదే పడుతుంటే, మిగతా రాష్ట్రాల వాళ్ళు మాకు మనుషులక్కర్లేదా అన్నారట. దాంతో 1998లో ఈ పథకం మొదలైంది. క్విబెక్‌కి వేరే పద్ధతి ఉంది. మిగతా రాష్ట్రాలు తమకి కావలసిన పనివాళ్ళని తామే ఎంచుకుని, వీళ్ళు మాకు కావాలని పేరు పంపుతాయి. అలా పేరొస్తే ఒక్కసారిగా 600 మార్కులు కలుస్తాయి. ఆపైన వైద్యపరీక్షలు, పోలీసు సర్టిఫికెట్టు చూసుకుని ఆఖరి మాట చెప్పేది మాత్రం కేంద్ర ప్రభుత్వమే. ఆస్ట్రేలియా వాళ్ళదీ ఇదే వరస. మా ఆడపడుచు కొడుకు ఎడిలైడ్‌లో ఉన్నాడు. అక్కడ 2019లో వచ్చిన 491 వీసాకి రాష్ట్రం పేరు పంపితే 15 మార్కులు. సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్‌లు కాని ప్రాంతంలో మూడేళ్ళు కాపరం చేసి చూపిస్తే తరువాత శాశ్వత నివాసానికి అడగొచ్చు.

మా అమ్మాయిని 2023లో సస్కాచివాన్ పిలిచింది. ఆ పేరు నోరు తిరగటానికి నాకు వారం పట్టింది. వేగంగా పారే నది అని క్రీ భాషలో దానికర్థమట. నది పేరన్నాక కాస్త ధైర్యం వచ్చింది. మా వారు అట్లాసు తీసి లెక్కలు కట్టారు. విస్తీర్ణం మన ఆంధ్రప్రదేశ్‌కి నాలుగింతలు. జనం 2021 లెక్కల్లో 11 లక్షల చిల్లర. అంటే మన బెజవాడ జనాన్ని నాలుగు ఆంధ్రప్రదేశ్‌లలో చల్లినట్టు! చలికాలంలో సున్నాకి దిగువన 30 డిగ్రీలు మామూలేనట. అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపెట్టింది పప్పు. కెనడానుంచి మన దేశానికొచ్చే మసూర్ పప్పులో ఎక్కువ భాగం పండేది ఆ సస్కాచివాన్‌లోనే. పిల్లకన్నా ముందు పప్పు అటూ ఇటూ రాకపోకలు సాగిస్తోందన్నమాట.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఊళ్ళో మనుషులు చాలటం లేదని పిలవటం, ఇక్కడ చోటు చాలక మనవాళ్ళు వెళ్ళటం కొత్తేమీ కాదు. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట పడింది. డెల్టా పండింది. పండినచోట సంసారాలు పెరిగాయి, అన్నదమ్ముల వాటాల్లో ఎకరాలు కుంటలయ్యాయి. నిజాంసాగర్ కట్టాక మనవాళ్ళు నిజామాబాదు వైపు వెళ్ళారు. 1953లో తుంగభద్ర నీళ్ళు వదిలాక గంగావతి, సింధనూరు వైపు బళ్ళు కట్టారు. ఇక్కడ ఎకరం అమ్మితే అక్కడ ఎన్నో ఎకరాలొచ్చే రోజులు. వాళ్ళు గుడిసెలేసుకున్న చోట్లని ఈనాటికీ క్యాంపులనే అంటారు. గుడివాడ దగ్గర నుంచి మా పెదనాన్నగారూ అలాగే వెళ్ళారు. మార్కుల్లేవు, ఇంగ్లీషు పరీక్ష లేదు. నల్లరేగడి, తుమ్మచెట్లు, తెలియని కన్నడం.

మా పెద్దమ్మ ఆవకాయ జాడీ ఒళ్ళో పెట్టుకుని బండెక్కిందట. ఆవిణ్ణి వస్తావా అని అడిగినవాళ్ళు లేరు. ఏడాదిపాటు పొయ్యి ఊదుతూ ఏడ్చానని, పొగ వల్లనుకున్నారు అందరూ అనీ చెప్పేది. ఈ కాలపు లెక్కలో అయితే చదువు లేదు గనక ఆవిడకి గుండుసున్నా. కానీ ఆ క్యాంపులో మొదటి పురుళ్ళు పోసింది ఆవిడే. పక్కింటి కన్నడం ఆవిడ దగ్గర జొన్నరొట్టె నేర్చుకుని, గోంగూర నేర్పిందీ ఆవిడే. ఊరు నిలబడటానికి కావలసిన ఆ పనికి ఏ దేశంవాళ్ళూ మార్కులు వెయ్యటం లేదు. గమనించారా?

మా అమ్మాయీ అల్లుడూ 2024లో బుజ్జిగాడితో సహా రెజైనా చేరారు. ఇప్పుడు మా ఇంట్లో నలుగుతున్న మాటేమిటంటే, అల్లుడికి టొరంటోలో పెద్ద ఉద్యోగం చూపిస్తున్నారు. శాశ్వత నివాసం వచ్చినవాళ్ళు దేశంలో ఎక్కడైనా ఉండొచ్చని 1982 నాటి వాళ్ళ రాజ్యాంగపు హక్కుల పత్రమే చెబుతోంది. చట్టం అడ్డు రాదు. కానీ నామినేషన్ అడిగేటప్పుడు మా ఉద్దేశం ఇక్కడే ఉండాలని చెప్పారుగా! "సంతకం ఆరకముందే మూటలు సర్దితే ఎలా?" అంటుంది అమ్మాయి. "పిల్లాడి భవిష్యత్తు చూడొద్దా?" అంటాడు అల్లుడు. ఇద్దరి మాటలోనూ న్యాయముంది. పైగా ప్రభుత్వం 2024లో 1,10,000 గా పెట్టుకున్న నామినేషన్ల లక్ష్యాన్ని 2025కి 55,000కి కోసేసింది. గుమ్మం బయట ఎంతమంది నిలబడి ఉన్నారో తలుచుకుంటే, లోపలికి వెళ్ళినవాళ్ళ మాటకి బరువు పెరుగుతుందంటారు మా వారు.

"నువ్వేమంటావమ్మా?" అని అడిగింది అమ్మాయి. నిజం చెప్పొద్దూ, నాకు రెజైనా అయినా టొరంటో అయినా ఒకటే దూరం. మా వారికి మోకాళ్ళు పట్టేసి బెంజి సర్కిల్ దాటటమే గగనమైన రోజున, టొరంటోలో ఉంటే మాత్రం పరిగెత్తుకొస్తుందా? మమ్మల్నక్కడ ఉంచుకోవటానికి సూపర్ వీసా అని ఉంది. వెళ్తే ఒక విడతలో అయిదేళ్ళదాకా ఉండొచ్చు. దానికి పిల్లల ఆదాయం చూపించాలి, మాకు లక్ష డాలర్ల వైద్యబీమా కట్టాలి. ముసలితనానికి మార్కులుండవు, బీమాలుంటాయి. ఇవన్నీ మనసులోనే ఉంచుకున్నాను. పిల్లల నిర్ణయంలో మన మోకాళ్ళ నొప్పులు కలపకూడదు.

మా పెద్దమ్మ అనేదొకటి చెప్పి ఊరుకున్నాను. "రమ్మన్న ఊరికి రెండు పంటలైనా చూపించాలే" అనేది ఆవిడ. అలా అని ఉండిపొమ్మనీ అనలేదు, వెళ్ళిపొమ్మనీ అనలేదు.

వీసా వచ్చింది. జూన్‌లో మా ప్రయాణం. మొన్న మామిడికాయలు కొట్టిస్తూ, "టొరంటో మీదుగానేగా వస్తాం, ఊరగాయ ఎంత తేను? మళ్ళీ మీరు సామాను మోసుకోవాల్సొస్తుందేమో" అని ఫోన్లో గుచ్చాను. అవతల కాసేపు మాట్లాడలేదు.

"ఇక్కడ మా పక్కింటావిడకి కూడా కారం అలవాటైందమ్మా. ఏడాదికి సరిపడా తే" అంది.

ఇంకో పాతిక కాయలు కొట్టించాను.