మైనస్ ముప్పైలో చక్రాల కాపురం

మంచు దేశంలో ట్రైలర్‌లో కాపురం అనగానే "అయ్యో పాపం" అనేవాళ్ళకి ముందే చెబుతున్నాను, మీ జాలి దాచుకోండి. నార్త్ డకోటాలోని విల్లిస్టన్‌లో మా తమ్ముడు ఉండే ట్రావెల్ ట్రైలర్‌లో నిండు జనవరిలో గడిపి వచ్చాను. బయట మైనస్ 30 డిగ్రీల సెల్సియస్. లోపల నేను పొట్టి చేతుల జాకెట్టు, నేత చీరలో తిరుగుతూ పెసరట్లు పోశాను. అమెరికా వచ్చాక ఎన్నో ఇళ్ళలో ఉన్నాను గానీ, ఇల్లనేది ఎలా బతుకుతుందో, దేనితో ఊపిరి తీస్తుందో కళ్ళారా చూసింది ఇక్కడే. చూసినకొద్దీ "ఇంకేముంది, ఇంకేముంది?" అని చిన్నపిల్లలా వాడి వెంట పడ్డాను.

వాడు రాజమండ్రిలో పెరిగాడు. గోదావరి జిల్లాల్లో చమురు రిగ్గులు చూసీ చూసీ పెట్రోలియం ఇంజినీరింగ్ చదివాడు. ఇప్పుడు బాకెన్ చమురు పొరల మీద కాంట్రాక్టు పని. ఇవాళ ఈ బావి దగ్గర, రేపు ఇంకో చోట. అందుకే పికప్ ట్రక్కుకి తగిలించి లాక్కెళ్ళే ఇల్లు కొనుక్కున్నాడు. పొడవు 28 అడుగులు, వెడల్పు ఎనిమిది. గోడ మందం రెండంగుళాలు, అంతే. దీనికి ఇంజిను ఉండదు. అయితేనేం, వంటిల్లు, స్నానాలగది, పడకగది అన్నీ ఉన్నాయి.

ఇలాంటి బతుకు విల్లిస్టన్‌కి కొత్త కాదు. 2010 జనాభా లెక్కల్లో ఆ ఊళ్ళో 14,716 మంది. 2020కి 29,160. షేల్ చమురు తవ్వకాలు జోరందుకున్నాక పని కోసం దేశం నలుమూలల నుంచీ జనం వచ్చిపడ్డారు, ఇళ్ళు మాత్రం అంత వేగంగా లేవలేదు. 2014 నాటికి చిన్న ఫ్లాటు అద్దె పెద్ద నగరాలతో పోటీ పడింది. దొరికిన చోటల్లా ట్రైలర్లు వెలిశాయి. అప్పుడు వచ్చినవాళ్ళు చలితో తంటాలు పడి నేర్చుకున్న చిట్కాలే ఇప్పుడు మా వాడు ట్రైలర్ నిలిపిన పార్కులో అందరికీ అలవాటుగా అబ్బిన విద్య.

బయటినుంచి మొదలుపెడతాను. ట్రైలర్ నేలకి రెండడుగుల పైన చక్రాల మీద నిలబడి ఉంటుంది. ఆ ఖాళీలోంచి గాలి దూసుకుపోతుంటే లోపల ఎంత మంట పెట్టినా నేల చల్లబడిపోతుంది. అందుకని చుట్టూ ఫోమ్ బోర్డులు నిలబెట్టి, అతుకులన్నీ టేపుతో మూసేస్తారు. దీన్ని స్కర్టింగ్ అంటారు. ఆ బోర్డుల మీదికి వాడు పారతో మంచు ఎగదోస్తుంటే, "చలికి చలే చుడుతున్నావేమిట్రా?" అన్నాను. "మంచు నిండా గాలే అక్కా. గాలి కదలకుండా ఉంటే వేడి బయటికి పోదు" అన్నాడు. నిజమే, కొత్తగా కురిసిన మంచులో నీటి కంటే గాలే ఎక్కువ. ఏ మంచు ఇంటిని గడ్డ కట్టించాలని చూస్తోందో ఆ మంచునే దుప్పటిగా కప్పడం చూసి అక్కడే చప్పట్లు కొట్టాను.

అసలు కథ నీళ్ళది. మనుషులు చలికి కోటు వేసుకుంటారు, నీళ్ళకి ఎవరు వేస్తారు? నీరు గడ్డకడితే 9 శాతం ఉబ్బుతుంది. ఆ ఉబ్బును పైపు తట్టుకున్నా దాని అతుకు తట్టుకోదు. అందుకని పార్కులో కుళాయి కూడా మామూలుది కాదు. దాని వాల్వు నేల గడ్డకట్టే లోతుకి కింద, ఐదడుగులకు పైనే దిగువన ఉంటుంది. పైన పిడి ఎత్తితే ఎక్కడో పాతాళంలో వాల్వు తెరుచుకుని నీళ్ళు పైకొస్తాయి. పిడి దించితే నిలువు గొట్టంలో మిగిలిన నీరంతా అడుగునున్న రంధ్రంలోంచి మట్టిలోకి జారిపోతుంది. గడ్డకట్టడానికి గొట్టంలో నీరే మిగలదు! ఇంత తెలివైన కుళాయిని నేనెప్పుడూ చూడలేదు. పిడి ఎత్తుతూ దించుతూ కాసేపు ఆడుకున్నాను కూడా.

కుళాయి నుంచి ట్రైలర్‌కి నీళ్ళు తేవడానికి కరెంటుతో వెచ్చబడే గొట్టాలు దొరుకుతాయి, చాలామంది అవే వాడతారు. కానీ గొట్టం ఎప్పుడూ తగిలించి ఉంచితే కుళాయి నిలువు గొట్టంలో నీరు దిగదు, దానికీ హీట్ టేపు చుట్టాలి. మరీ గట్టి చలి పడితే మా వాడు ఆ గోలే పెట్టుకోడు. ట్రైలర్ కడుపులో ఉన్న ట్యాంకు నింపుకుని, గొట్టం దులిపి, చుట్టచుట్టి స్నానాలగదిలో పడేస్తాడు. ఆ నీళ్ళు మళ్ళీ నింపేదాకా రావాలి. స్నానానికి ఒళ్ళు తడిపి, కుళాయి కట్టేసి, సబ్బు రాసుకుని, మళ్ళీ తెరవాలి. డాలస్‌లో మా ఇంట్లో షవర్ కింద పాటలు పాడుకునే నేను బకెట్టు స్నానాల లెక్కకి తిరిగొచ్చాను. భలే సుఖంగా ఉంది.

వాడిన నీళ్ళది ఇంకో చిత్రం. సింకు, స్నానాల నీరు గ్రే ట్యాంకులోకి, మరుగుదొడ్డిది బ్లాక్ ట్యాంకులోకి చేరతాయి. "ఎప్పటికప్పుడు బయటికి పోనిస్తే పోలేదా?" అని ఎవరైనా అంటారు. పోనిస్తే కొంప మునుగుతుంది. సన్నటి ధార గొట్టంలో పాకుతూనే పొరలు పొరలుగా గడ్డకట్టి, చివరికి గొట్టం నిండా ఐసు దిమ్మ తయారవుతుంది. అందుకే వాల్వు మూసి ఉంచి, ట్యాంకు నిండాక ఒక్కసారి ధడాలున వదలాలి. నిండుగా, వేగంగా వచ్చే నీటికి గడ్డకట్టే తీరిక ఉండదు.

వేడి సంగతికొస్తాను. గోడలోని గ్యాసు ఫర్నేస్ టక్కుటక్కుమని అంటుకుని, బుస్సుమని వేడిగాలి ఊదుతుంది. పక్కన రెండు కరెంటు హీటర్లు కూడా ఉన్నాయి. పార్కు అద్దెలోనే కరెంటు కలిసి ఉన్నప్పుడు గ్యాసు ఎందుకు తగలెయ్యడం, హీటర్లతో సరిపెట్టొచ్చు కదా అనిపిస్తుంది. కుదరదు. ఫర్నేస్ వేడిగాలిలో కొంత గొట్టాల గుండా నేల కిందికి, ట్యాంకుల చుట్టూ వెళుతుంది. హీటర్లు గదిని వెచ్చగా ఉంచితే థర్మోస్టాట్ "చాలు" అనుకుని ఫర్నేస్‌ను లేపదు. పైన మనం వెచ్చగా, కింద పైపులు గడ్డకట్టి! మనకి సరిపోయే వేడి ఇంటికి సరిపోదు. అందుకే మా వాడు హీటర్లను తగ్గించి పెట్టి, ఫర్నేస్ మాటిమాటికీ అంటుకునేలా చూసుకుంటాడు.

ఇక గ్యాసు. మన వంటింటి సిలిండర్లో ప్రొపేన్, బ్యూటేన్ కలిసి ఉంటాయి. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరవడం మానేస్తుంది, అది అక్కడ పనికిరాదు. ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతూనే ఉంటుంది గనక అదే వాడతారు. చలి ముదిరేకొద్దీ దాని ఒత్తిడీ తగ్గుతుంది, అందుకే సిలిండర్ ఎప్పుడూ నిండుగా ఉంచుకోవాలి. ట్రైలర్ ముక్కు మీద రెండు సిలిండర్లు, ఒక్కోదాంట్లో 30 పౌన్లు, అంటే 13.6 కిలోలు. మన 14.2 కిలోల ఎర్ర సిలిండర్‌కి తమ్ముళ్ళన్నమాట. మన ఇళ్ళలో నెల పైన వచ్చే గ్యాసు అది. గంటకి 30,000 బీటీయూల వేడినిచ్చే ఫర్నేస్ ఆగకుండా మండితే 21 గంటల్లో ఖాళీ. అందుకే శీతాకాలం గడిపేవాళ్ళు పెద్ద ట్యాంకు అద్దెకు తీసుకుంటారు, బండివాడు వచ్చి నింపిపోతాడు.

నన్ను నిలువునా ఆశ్చర్యపరిచింది మాత్రం ఊపిరి. కిలో ప్రొపేన్ మండితే 1.6 కిలోల నీరు పుడుతుంది! ఫర్నేస్‌లో పుట్టిన నీటి ఆవిరి పొగతో పాటు బయటికి పోతుంది గానీ, స్టవ్ మీద మండిన గ్యాసుది మాత్రం గదిలోనే ఉండిపోతుంది. దానికి ఉడికే అన్నం, ఆరే తువ్వాళ్ళు, ఇద్దరి ఊపిరి తోడు. అంత చిన్న పెట్టెలో ఇదంతా ఎక్కడికి పోవాలి? పొద్దున్నే చూస్తే కిటికీలు ఇడ్లీ పాత్ర మూత లోపలివైపులా చెమర్చి, బొట్లు బొట్లుగా కారుతున్నాయి. తలుపు చట్రానికి లోపలివైపున్న మేకు తలల మీద తెల్లగా మంచు పేరుకుంది. వెచ్చటి గదిలో, చేతికందే దూరంలో! ఇనుము బయటి చలిని నేరుగా లోపలికి మోసుకొస్తోందన్నమాట. గోటితో గీకి చూశాను, చక్కగా రాలింది.

దానికి మందు ఏమిటో తెలుసా? మైనస్ 30లో పైకప్పు వెంట్ కాస్త తెరవడం! బయటి గాలి చల్లనిదే గానీ బాగా పొడిది. లోపలికొచ్చి వెచ్చబడితే తేమంతా పీల్చుకుని పైనుంచి వెళ్ళిపోతుంది. రైస్ కుక్కర్‌ని సరిగ్గా ఆ వెంట్ కింద పెట్టి, ఆవిరి నిటారుగా పైకి పోవడం చూస్తూ నిలబడ్డాను. తలుపు పక్కన తేమ లాగే మిషను ఒకటి రాత్రంతా గురక పెడుతుంది. పొద్దున దాని డబ్బా ఒంపుతుంటే, ఇందులో సగం నిన్నటి మా కబుర్లే కదా అనిపించింది. పరుపు కింద చెక్క పట్టీలు వేసి గాలి ఆడనిస్తారు, లేకపోతే మన ఒంటి తేమకే అడుగున బూజు పడుతుంది.

కిటికీలకి ప్లాస్టిక్ పొర అంటించడం నా చేత్తో చేశాను. చట్రం చుట్టూ రెండువైపులా జిగురున్న టేపు వేసి, పొర వదులుగా అంటించి, హెయిర్ డ్రయ్యర్ తిప్పాలి. ముడతలన్నీ చకచకా విప్పుకుని, మృదంగం మూతలా బిగిసిపోతుంది. వేలితో కొడితే మోగింది. గాజుకీ పొరకీ మధ్య చిక్కుకున్న గాలే అక్కడ అడ్డుగోడ.

హెయిర్ డ్రయ్యర్ పెట్టేముందు మాత్రం అనుమతి తీసుకోవాలి. ఆ ట్రైలర్‌కి వచ్చేది 30 ఆంపియర్ల కరెంటు. 120 వోల్టుల మీద మొత్తం 3,600 వాట్లు. ఒక్కో హీటర్ 1,500 మింగుతుంది. రెండూ నడుస్తుంటే ఇంక మిక్సీ తిరిగితే గొప్ప. "అక్కా, వంటింటి హీటర్ ఆపేశా, ఇప్పుడు మైక్రోవేవ్ పెట్టుకో" అని మంచం మీదినుంచే కేకేసేవాడు. స్విచ్చు వెనక ఒక నది ఉన్నట్టు బతికే మనకి, ఏది ఎంత తింటుందో నోటి లెక్కన తెలిసిన ఇంట్లో ఉండడం గమ్మత్తుగా ఉంటుంది.

అందరికీ సరిపడేది కాదని ఒప్పుకుంటాను. ఆ పార్కులో ఉన్నవాళ్ళలో ఎక్కువమంది సరదాకి రాలేదు, జీతం కోసం వచ్చారు. చలి పడనివాళ్ళు ఇదే ట్రైలర్ లాక్కుని అరిజోనాలోని క్వార్ట్జ్‌సైట్ లాంటి ఎడారి ఊళ్ళకి పోయి ఎండ కాచుకుంటారు. పెద్దవాళ్ళకి, పసిపిల్లలున్నవాళ్ళకి ఆ ఎడారే మేలు. కానీ సైన్సు పాఠం పిల్లలకి ఒంటబట్టాలంటే, చలికాలంలో ఒక్క వారాంతమైనా ఇలాంటి ఇంట్లో ఉంచి చూడండి. ఆవిరి, మంచు, మంట, కరెంటు, అన్నీ పుస్తకంలోంచి లేచొచ్చి వాళ్ళ ముందు నిలబడతాయి.

వెళ్ళేవాళ్ళు మూడు మాటలు గుర్తుపెట్టుకోండి. హీటర్‌ని సన్నటి ఎక్స్‌టెన్షన్ తీగకి తగిలించొద్దు. ఎంత చలేసినా వంట స్టవ్‌ని గది వేడికి వాడొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు గనక, పడుకునే ముందు దాని అలారం బటన్ నొక్కి, మోగిందని చెవులారా విన్నాకే దుప్పటి కప్పుకోండి.