ఇలా ఇవ్వండి, నేను చూస్తాను

ఆడవాళ్ల చేతినొప్పికి మన సాహిత్యంలో చోటుంది. రోకలి పట్టిన చేయి, తిరగలి తిప్పిన చేయి, అంట్లు తోమిన చేయి. రోజుకి ఆరేడు గంటలు మౌస్ పట్టిన చేయి మాత్రం పెద్దగా కనిపించదు. కూర్చుని చేసే పనికి నొప్పేమిటన్న చిన్నచూపు మనకీ ఉందేమో!

1902లో మొదలైన 'హిందూ సుందరి' లాంటి తొలినాటి స్త్రీల పత్రికల స్కాన్ ప్రతులు చదవడం నా పని. అక్షరం అలుక్కుపోయిన ప్రతిచోటా పేజీ పెద్దది చేయాలి, మళ్లీ చిన్నది చేయాలి. ఇలా వందల పేజీలు. కుడి మణికట్టు మొరాయించింది. పక్కన అదనంగా బటన్లున్న మౌస్ అయితే ఆ పనిలో కొంత బొటనవేలికి పంచవచ్చు. అలాంటివి ఎక్కువగా గేమింగ్ మౌసుల్లోనే ఉంటాయి. "బాబుకా మేడమ్?" అని అడిగాడు కొట్లో అబ్బాయి. "నాకే" అన్నాను.

నా పాత లాప్‌టాప్‌లో ఉన్నది లినక్స్. మౌస్ తగిలించగానే బాణం గుర్తు కదిలింది, చక్రం తిరిగింది. పక్క బటన్లు మాత్రం నేను చెప్పిన పని చేయలేదు. వాటికి పని అప్పగించే సాఫ్ట్‌వేర్‌ని కంపెనీ విండోస్‌కి మాత్రమే తయారు చేసింది. కదలడానికీ, మామూలు నొక్కులకీ అన్ని కంప్యూటర్లూ ఒప్పుకున్న ఉమ్మడి భాష ఉంది. బటన్ల పని మార్చడం, లైట్లు, వేగం లాంటి ప్రత్యేక సదుపాయాలు ఏ కంపెనీ మాండలికం దానిదే.

"ఇలా ఇవ్వండి మేడమ్, నేను చూస్తాను" అంటూ మా విభాగంలో కంప్యూటర్లు చూసే కుర్రాడు చేయి చాపాడు. మంచివాడే. కానీ ఈ సాయంలో ఒక చిక్కుంది. రెండు నిమిషాలు అతని వేళ్లు పరిగెడతాయి, మౌస్ పనిచేస్తుంది, నాకు ఒక్క ముక్కా తెలియదు. మళ్లీ ఆగిపోతే మళ్లీ అతనే కావాలి. లినక్స్‌లోకి స్త్రీలు ఎందుకు తక్కువగా వస్తున్నారో వివరిస్తూ 2002లో వాల్ హెన్సన్ అనే ప్రోగ్రామర్ ఒక మార్గదర్శిని రాసింది. ఆడవాళ్లకి సాయం చేసేటప్పుడు వాళ్ల చేతిలోంచి కీబోర్డు లాక్కోవద్దన్నది అందులో ఒక సలహా. వంటింట్లో స్క్రూడ్రైవర్ దగ్గర్నుంచీ మనకి తెలిసిన సంగతే కదా!

"నువ్వు చెప్పు, నేను కొడతాను" అన్నాను. ముందు ఎల్ఎస్‌యూఎస్‌బీ అన్న ఆదేశం. తగిలించిన పరికరాల జాబితాలో నా మౌస్ ఉంది, కంపెనీకొక సంఖ్య, మోడల్‌కొక సంఖ్యతో. తర్వాత లిబ్‌ఇన్‌పుట్ డీబగ్ ఈవెంట్స్. పక్క బటన్ నొక్కినప్పుడల్లా తెరమీద ఒక కొత్త వరుస పడింది. అంటే బటన్ మాట్లాడుతోంది, కంప్యూటర్ వింటోంది. విన్నదాన్ని ఏం చేయాలో చెప్పేవాళ్లే లేరు.

లిబ్‌రాట్‌బ్యాగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కొన్ని మౌసుల మాండలికాల్ని నేర్చుకుంది. పైపర్ దానికి కిటికీ లాంటిది. తెరిచి చూస్తే, అది గుర్తుపట్టే పరికరాల్లో నాది లేదు. ఎవరో ఒకరు కూర్చుని రాస్తేనే ఆ జాబితాలో పేరు చేరుతుంది. పాత పత్రికల్లో మన రచయిత్రుల పేర్లు వెతికే నాకు ఇది కొత్త సంగతేం కాదు.

చివరికి ఇన్‌పుట్ రీమ్యాపర్ దారి చూపింది. మౌస్ లోపలికి వెళ్లకుండా, అది పంపిన సంకేతాన్ని దారిలో పట్టుకుని మరో సంకేతంగా మారుస్తుంది. ఒక పక్క బటన్‌కి కంట్రోల్, ప్లస్. ఇంకోదానికి కంట్రోల్, మైనస్. పేజీ పెద్దదైంది. అక్షరం కనబడింది.

మొత్తం మధ్యాహ్నం పట్టింది. మణికట్టు నొప్పి పోలేదు, తగ్గింది. మౌస్ ఇప్పటికీ నా అరచేతికి పెద్దదే.

మొన్న ఒక పరిశోధక విద్యార్థిని ఇదే తంటాతో వచ్చింది. కీబోర్డు ఆమె ముందుంచి నేను పక్కన కూచున్నాను. ఆమె ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడుతుంటే నా చేతులు ఒళ్లో ఉంచుకోవడం ఎంత కష్టమైందో! "ఇలా ఇవ్వు" అన్న మాట రెండుసార్లు నాలిక చివరిదాకా వచ్చింది.