మీనంబాకమునుండి చేపాకమునకు

మదరాసు విశ్వవిద్యాలయమున పది గంటలకు సదస్సు. తొలి వ్యాసము మా నెచ్చెలిదే. మేము మీనంబాకమున విమానము దిగునప్పటికి ఎనిమిది దాటినది. మగతోడు లేనిచో టాక్సీయే శరణ్యమని ఇంటివారి మాట. కాని విమానాశ్రయమున కెదుటనే తిరుశూలము స్టేషను గలదు. 2016 నుండి మెట్రోయు నున్నది. స్త్రీలకు ప్రత్యేకమైన పెట్టె యుండుటచే, టిక్కెట్టు చవుక యగుటచే, మేము లోకల్ రైలునే కోరితిమి.

పెట్టెనిండ మల్లెల వాసన, టిఫిను డబ్బాల చప్పుడు. ఉద్యోగినులు జరిగి మాకు చోటిచ్చిరి. పార్కు స్టేషనులో దిగి, చెంతనున్న పార్కుటౌనులో వేరొక బండి నెక్కవలెనని అరవమున బోధించిరి. మాట సగమే తెలిసినను చేతిసైగలు పూర్తిగా తెలిసినవి! అచ్చటినుండి రెండవ స్టేషనే చేపాకము. అది మేడమీద నున్నట్లు ఎత్తున నుండును. సోదరీమణులారా, సామాను మితముగా తెచ్చుకొనుడు. 1857లో వెలసిన ఆ విద్యాలయమునకు నడచి చేరితిమి. నెచ్చెలి కుచ్చెళ్లు సవరించుకొని, కాగితములు వరుస పెట్టుకొనుటకు ఇంకను పావుగంట వ్యవధి యుండెను.